బొజ్జన్నని రాక్షసుణ్ణి చేసిందెవరు? బొమ్మ, రంగు, కులం

అనకాపల్లికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం అనే వూరుంది. ఆ వూరి పక్కనే బొజ్జన్నకొండ. సంక్రాంతి వెళ్లిన మర్నాడు, కనుమ నాడు, చుట్టుపక్కల పల్లెల జనం ఆ కొండెక్కి అక్కడ బొజ్జలాగా వుబ్బెత్తుగా వున్న వొక రాతి ఆకారాన్ని రాళ్లు పెట్టి కొట్టేవాళ్లు. అది రాక్షసుడి బొజ్జ అని వాళ్ల నమ్మకం. పిల్లాజెల్లా అందరూ కలిసి, పండగ సరదాగా, తలో రాయీ వేసి కిందికి దిగి వచ్చేవాళ్లు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ వాళ్లూ మరికొందరూ పూనుకున్నాక ఆ ఆనవాయితీ ఆగిపోయింది. ఆగినందుకు సంతోషించాల్సిందే. కానీ ఆగిపోయిందని చెప్పి మనం వదిలేస్తే, అసలు మొదలయిందెట్లా అనే ప్రశ్న కూడా ఆ రాళ్లతో పాటే కప్పడిపోతుంది.

యెందుకంటే బొజ్జన్నకొండ బౌద్ధుల కొండ. నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా అక్కడ భిక్షువులున్నారు. హీనయానం, మహాయానం, వజ్రయానం మూడూ ఆ కొండ మీద నడిచాయి. కొండ రాతిని తొలిచి చేసిన గుహలు, గుహల గుమ్మాల పైన పద్మాసనంలో కూర్చున్న బుద్ధుడు, కొండరాతినే చెక్కి పైన యిటుకలు పేర్చిన మహాస్తూపం, దాని చుట్టూ చిన్న స్తూపాలు యిప్పటికీ కనపడతాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్యుల రాగి నాణేలు దొరికాయి. అంటే యిది మారుమూల అడవి కాదు. నాణేలు మారే చోటు, దూరదేశాల మనుషులు వచ్చిపోయే చోటు.

యిప్పుడు పేర్లు చూడండి. సంఘారామం శంకరం అయింది. బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయిందని చెప్తారు. పక్కనే వున్న పడమటి కొండ మీద రాతిలోంచి తొలిచిన స్తూపాలు వరసలు వరసలుగా వున్నాయి. గుండ్రంగా, నున్నగా వుండేసరికి అవి లింగాల్లా కనిపించాయి. ఆ కొండ లింగాలకొండ అయింది. వొకే చోట మూడు మార్పులు. సంఘం శంకరుడిలో కలిసింది, స్తూపం లింగంలో కలిసింది. బుద్ధుడొక్కడే దేంట్లోనూ కలవలేదు. అందుకని అతనికి బొజ్జ మిగిలింది, రాళ్లు మిగిలాయి.

గుడిని కూలగొడితేనే ఆక్రమణ అనుకుంటాం మనం. కూలగొట్టడానికి మనుషులూ డబ్బూ కావాలి. పేరు మార్చడానికీ కథ మార్చడానికీ యేమీ అక్కర్లేదు. పైగా కథ మారాక కూలగొట్టే పని జనమే చేసిపెడతారు, అదీ పండగ చేసుకుంటూ. శంకరం చుట్టుపక్కల రాళ్లు వేసినవాళ్లు అగ్రహారాల నుంచి వచ్చినవాళ్లు కారు. కనుమ అంటే పశువుల పండగ, పాటకపు జనం పండగ. పొలం పని చేసేవాళ్లు, చెరుకు నరికేవాళ్లు, గానుగలాడించి బెల్లం వండేవాళ్లు, ఆ బెల్లాన్ని అనకాపల్లి మార్కెట్‌కి మోసేవాళ్లు. వాళ్లని తప్పుపట్టి ప్రయోజనం లేదు. తమకి చుట్టమయినవాణ్ణి తమ చేతే కొట్టించిన కథ యెవరు రాశారన్నది మన ప్రశ్న.

ఆ కథ రాసివుంది, వెతికే పని లేదు. విష్ణుపురాణంలో మాయామోహుడనే వాడొకడు వస్తాడు. దైత్యులు తపస్సు చేసి బలపడిపోతే, వాళ్లని వేదమార్గం నుంచి తప్పించడానికి విష్ణువు తన శరీరంలోంచి వాణ్ణి పుట్టిస్తాడు. వాడు వాళ్లకి యజ్ఞాలొద్దని, పశువుల్ని చంపొద్దని బోధిస్తాడు. వాళ్లు నమ్మి వేదాన్ని వదిలేస్తారు, దేవతల చేతిలో చస్తారు. భాగవత పురాణం యింకా సూటిగా, దేవతల శత్రువుల్ని మోసపుచ్చడానికే బుద్ధుడు పుడతాడని చెప్తుంది. దశావతారాల్లో బుద్ధుణ్ణి చేర్చుకోవడం వుదారత అని మన పాఠ్యపుస్తకాలు నేర్పాయి. లెక్క కట్టి చూడండి. బుద్ధుడి మాట విన్నవాళ్లు యెవరు? యీ పురాణాల ప్రకారం అసురులు. బుద్ధుణ్ణి దేవుడిలో కలుపుకుంటూనే అతని మనుషుల్ని రాక్షసుల్లో తోసేశారు. బొజ్జన్నకొండ మీద జరిగింది యీ పురాణానికి వూరుమ్మడి అనువాదమే.

అదే కొండ పాదాల దగ్గర హారీతి విగ్రహం వుంది. యీమె కథ మనవాళ్లలో చాలామందికి తెలీదు గానీ తెలియాల్సిన కథ. హారీతి యక్షిణి. రాజగృహంలో పిల్లల్ని యెత్తుకుపోయి తినేది. ఆమెకి వందల మంది బిడ్డలు. బుద్ధుడు ఆమె చిన్నకొడుకుని తన భిక్షాపాత్ర కింద దాస్తాడు. ఆమె లోకమంతా వెతికి యేడ్చి చివరికి బుద్ధుడి దగ్గరికే వస్తుంది. అంతమందిలో వొక్కడు కనపడకపోతేనే నీకింత దుఃఖమైతే, వొక్కగానొక్క బిడ్డని పోగొట్టుకున్న తల్లి సంగతేమిటని అతను అడుగుతాడు. ఆమెకి అర్థమవుతుంది. మరి నేనూ నా పిల్లలూ యేం తిని బతకాలని ఆమె తిరిగి అడుగుతుంది. ఆ ప్రశ్న మాకు చాలా యిష్టం. దానికి బుద్ధుడు నీతులు చెప్పలేదు. విహారాల్లో భిక్షువులు తాము తినేముందు నీకో ముద్ద పెడతారని మాటిచ్చాడు. ఆ తర్వాత ఆమె పిల్లల్ని కాపాడే తల్లిగా విహారాల గుమ్మాల్లో నిలబడింది.

యీ కథలో రాక్షసిని చంపలేదు, ముక్కూ చెవులూ కొయ్యలేదు. ఆమె ఆకలికి వొక యేర్పాటు చేశారు. పురాణాల్లో రాక్షసుడికి ఆకలి వొక దుర్గుణం. యిక్కడ ఆకలి ఆకలే. రాక్షసికి మనసూ, పిల్లలూ, వాదనా వున్నాయి. బొమ్మలు గీసేవాళ్లు యీ రోజుల్లో పాత్రకి వ్యక్తిత్వం వుండాలంటారు కదా, హారీతికి అది అప్పుడే వుంది. అదే కొండ పైన మాత్రం బుద్ధుడికి వ్యక్తిత్వం పోయి వుత్త బొజ్జ మిగిలింది. రాక్షసిని తల్లిని చేసిన పద్ధతీ, గురువుని రాక్షసుణ్ణి చేసిన పద్ధతీ రెండూ వొకే కొండ మీద, రెండు నిమిషాల నడక దూరంలో వున్నాయి.

రాక్షసుణ్ణి తయారుచెయ్యడానికి కథ వొక్కటే చాలదు. రూపం కావాలి, రంగు కావాలి. రంగుల సంగతి నాట్యశాస్త్రంలోనే తేల్చేశారు. ఆహార్యాభినయం చెప్పేచోట యే పాత్రకి యే వొంటిరంగు పుయ్యాలో పట్టీ యిచ్చారు. బ్రాహ్మణ క్షత్రియులకి గౌరవర్ణం. వైశ్యులకీ శూద్రులకీ చామనఛాయ. కిరాతులు, బర్బరులు, ఆంధ్రులు, ద్రావిడులు, పుళిందులు, దక్షిణాది వాళ్లు నలుపు. రాక్షసులకీ దానవులకీ పిశాచాలకీ కూడా నలుపు కోవలోని రంగే. అంటే నాటకం వేసేవాడి రంగుల పెట్టెలో ఆంధ్రుడికీ రాక్షసుడికీ వొకటే గిన్నె. ఆంధ్రుల ప్రాచీన వైభవం గురించి వుపన్యాసాలిచ్చే పెద్దలు యీ భాగాన్ని మాత్రం దాటేసి పోతుంటారు. పంచముల పేరు ఆ వర్ణాల వరసలో లేనే లేదు. అంతకంటే కింద రంగు యేదీ వాళ్లకి దొరికినట్టు లేదు.

కేరళ కథకళిలో యీ విభజన కంటికి కనపడేంత స్పష్టంగా మిగిలింది. దేవుళ్లకీ మంచి రాజులకీ ఆకుపచ్చ. శూర్పణఖ లాంటి రాక్షస స్త్రీలకి నలుపు. అడవిలో వేటాడి బతికేవాడికి నల్లగడ్డం, నల్లవేషం. వేటగాడు చేసిన తప్పేమీ లేదు, అతనుండే చోటే అతని తప్పు.

మరి రాముడూ కృష్ణుడూ నల్లవాళ్లే కదా అని మాకు యెదురు ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కృష్ణుడంటేనే నలుపు. ద్రౌపదికి కృష్ణ అని పేరు. కథల్లో నలుపు యిద్దరికీ వుంది. అయితే బొమ్మ గీసేటప్పుడు ఆ నలుపుని రెండుగా చీల్చారు. దేవుడి నలుపు నీలమైంది, మేఘమైంది, కలువ అయింది. రాక్షసుడి నలుపు బొగ్గుగానే వుండిపోయింది. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించాక యీ చీలిక రంగుల కాగితాల మీద యింటింటికీ వచ్చింది. అంతకుముందు గుళ్లోకి రానివ్వని మాల మాదిగ గుడిసెల గోడల మీదకి కూడా దేవుడు కాలెండరుగా వచ్చాడు. వచ్చినవాడు నీలంగా, తెల్లగా, గులాబీ బుగ్గలతో వచ్చాడు. ఆ గోడకింద కూర్చున్నవాళ్ల రంగు అదే పటంలో కాళ్లకింద పడివున్న రాక్షసుడికి వుంది. పిల్లలు రోజూ దాన్ని చూస్తూ పెరిగారు.

యిక్కడ వొక ముచ్చట చెప్పుకోవాలి. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని పాట కడితే, 1921లో దళితకవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. అగ్రకులాల పెత్తనాన్ని ఆయన నలుపు అన్నాడు. రంగుల గిన్నెలు తారుమారు చేసిన మొదటి తెలుగు మాట అదేనేమో అనిపిస్తుంది మాకు.

పత్రికల సంగతికొస్తే అనకాపల్లి ప్రాంతానికి దాంట్లో పెద్ద వాటా వుంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య, అందరికీ వపాగా తెలిసిన చిత్రకారుడు, అనకాపల్లి పక్కనే కశింకోటలో స్థిరపడ్డాడు. ‘చందమామ’కీ ‘యువ’కీ ఆయన వేసిన ముఖచిత్రాలు తెలుగు పురాణానికి వొక రంగుల లిపిని యిచ్చాయి. 1992లో చనిపోయేదాకా ఆయన పేరు చెప్తే కశింకోట పేరు చెప్పేవాళ్లు. అదే పత్రికలో చిత్రా, శంకర్ లోపలి బొమ్మలు వేసేవాళ్లు. చిత్రా అసలు పేరు రాఘవన్. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘రాకాసి లోయ’ లాంటి సీరియళ్లకి ఆయన గీసిన రాక్షసులే మన తరాల కళ్లలో రాక్షసులు. గిరజాల జుట్టు, కోరలు, కొమ్ములు, మొలకి తోలు, మెళ్లో యెముకల దండ, చేతిలో దుడ్డుకర్ర, కిందికి జారిన బొజ్జ.

యీ పత్రికని నడిపినవాళ్లలో బ్రాహ్మణీయ భావజాలాన్ని తలకెత్తుకున్నవాళ్లే వున్నారనుకుంటే పొరపాటు. 1952 నుంచి 1980 దాకా ‘చందమామ’ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. వాళ్ల కథల్లో రాక్షసులు చాలాసార్లు అమాయకులు, నవ్వించేవాళ్లు, మాటకి కట్టుబడేవాళ్లు. అయినా బొమ్మ బొమ్మగానే మిగిలింది. ఆ బొమ్మలో వున్న తోలుగుడ్డ, యెముక, దుడ్డుకర్ర, గిరజాల జుట్టు, అన్నీ యేజెన్సీ కొండల్లో బతికే మనుషుల మీద మైదానం వాళ్లు వేసిన వేళాకోళమే. అనకాపల్లి నుంచి పాడేరు కొండలు యెంతో దూరం కాదు. ఆ కొండల నుంచి సంతకి దిగొచ్చిన మనిషిని పల్లం వాళ్లు యే కళ్లతో చూశారో ఆ కళ్లతోనే రాక్షసుణ్ణి గీశారు. కథ రాసేవాడు అభ్యుదయవాది అయినంత మాత్రాన కుంచె అభ్యుదయవాది కాదు. చెయ్యి చిన్నప్పుడు చూసిందే గీస్తుంది. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ‘అమర చిత్ర కథ’ పుస్తకాల్లోనూ యిదే వరస, కాకపోతే అక్కడ కథ కూడా బొమ్మకి తోడయింది.

బొజ్జ దగ్గరికి మళ్లీ వద్దాం. రాక్షసుడి మొదటి లక్షణం తిండి. యేం తింటాడు, యెంత తింటాడు అన్నదే వాడి గుర్తింపు. 1948లో వచ్చిన ‘అంటరానివారెవరు’ పుస్తకంలో అంబేడ్కర్ చేసిన ప్రతిపాదన యిక్కడ గుర్తు చేసుకోవాలి. చెదిరిపోయిన తెగల మనుషులు బౌద్ధులుగా వుండిపోయారు, బ్రాహ్మణుల్ని గౌరవించలేదు, మిగతా జనం గొడ్డుమాంసం మానేశాక కూడా వీళ్లు చచ్చిన గొడ్డు తినడం మానలేదు, అందుకని అంటరానివాళ్లయ్యారు. చరిత్రకారులు దీన్ని పూర్తిగా వొప్పుకోలేదు. ఆయన కూడా తన దగ్గర వున్న ఆధారాలు పలచన అని తెలిసే, వూహతో ఖాళీలు పూరించక తప్పదని చెప్పే రాశాడు. అయితే బొజ్జన్నకొండ ముందు నిలబడితే ఆ ప్రతిపాదనలోని రెండు ముక్కలు, బుద్ధుడూ తిండీ, వొకే రాయిలో కనపడతాయి. బుద్ధుడు తిండిపోతు రాక్షసుడయ్యాడు. గొడ్డు తిన్నవాడు వూరి బయటి మనిషయ్యాడు. యిద్దరి మీదా వేసిన ముద్ర బొజ్జ మీదే వేశారు. అంతకంటే ముందే, 1873లో, జోతిరావు ఫూలే ‘గులాంగిరి’లో రాక్షసులంటే రక్షకులని, ఆర్యభట్టుల దాడిని యెదుర్కొన్న యిక్కడి మనుషులని వాదించాడు. పదవ్యుత్పత్తిగా అది నిలబడుతుందా లేదా అన్నది పండితుల గొడవ. రాక్షసుడి వైపు నిలబడి కథ చదవొచ్చు అని మాత్రం ఆయన నేర్పాడు.

తెలుగులో రాక్షసుడి వైపు నిలబడి తీసిన సినిమా వొకటుంది. తీసినవాళ్లు ఆ వుద్దేశంతో తీశారని మేం అనం. 1957 మార్చి 27న విడుదలయిన విజయావారి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు యస్.వి. రంగారావు. యీ కథ సురభి నాటకాల వాళ్లు వూరూరా ఆడిందే. భారతంలో ఘటోత్కచుడంటే కుండలాంటి బోడితల వాడు, పేరుకి అర్థమే అది. తెర మీద అతనికి వొత్తయిన గిరజాల జుట్టు పెట్టారు, మీసం పెట్టారు, గద యిచ్చారు. అడవిలో పుట్టిన రాక్షస స్త్రీ హిడింబికీ రాజకుమారుడు భీముడికీ పుట్టినవాడు. తల్లిని అడవిలో వదిలి తండ్రి వెళ్లిపోయాడు. రాజ్యంలో వాటా లేదు, అవసరం పడినప్పుడే పిలుపు. మన పల్లెల్లో పెద్దకులపు తండ్రికి పుట్టి తల్లి వాడలో పెరిగినవాళ్ల కథ యింతకంటే వేరుగా వుండదు.

భారత యుద్ధంలో కర్ణుడి శక్తి ఆయుధం అర్జునుడి మీద పడకుండా వుండేందుకు యితన్ని ముందుకి తోశారు. యితను చనిపోతే పాండవులు యేడ్చారు, కృష్ణుడు సంతోషంతో గంతులేశాడు. యెందుకని అడిగితే, వీడు బ్రాహ్మణద్వేషి, యజ్ఞద్వేషి, కర్ణుడు చంపకపోతే యెప్పటికయినా నేనే చంపాల్సి వచ్చేదని ద్రోణపర్వంలో చెప్తాడు. సినిమా అంతదాకా పోదు. పెళ్లి విందు దగ్గరే ఆగుతుంది. పోకపోవడం వల్లనే ఘటోత్కచుడు మనకి బతికివున్నవాడుగా మిగిలాడు.

అతని వ్యక్తిత్వం యెక్కడుంది? భాషలో వుంది. పింగళి నాగేంద్రరావు అతని రాజ్యానికి వేరే తెలుగు యిచ్చాడు. అస్మదీయులు అసమదీయులవుతారు, దుష్టచతుష్టయం ‘దుషటచతుషటయం’ అవుతుంది. వొత్తులు విడిపోతాయి. వొత్తు పలకలేని నోటిని చూసి నవ్వడం మన బళ్లలో యిప్పటికీ వున్న ఆట. మాల మాదిగ పిల్లలు, కొండ పిల్లలు మొట్టమొదట అవమానపడేది ఆ వొత్తుల దగ్గరే. సినిమాలో ఘటోత్కచుడు మాత్రం సిగ్గుపడడు. మనుషులు పుట్టించకపోతే కొత్త మాటలు యెక్కడినుంచి వస్తాయనే అర్థం వచ్చేట్టు అడిగి, తప్పు మాట్లాడినవాడికి వీరతాడు వేయిస్తాడు. హాల్లో అందరూ నవ్వుతారు. యెవరు యెవర్ని చూసి నవ్వుతున్నారన్నది యెవరికి వాళ్లు చూసుకోవాలి.

రెండో చోటు యింకా ముఖ్యం. ఘటోత్కచుడు శశిరేఖ వేషం కడతాడు. అంటే తెర మీద కనపడేది సావిత్రి. తెల్లటి ముఖం, పట్టుచీర, నగలు. కానీ నడక అతనిది, చూపు అతనిది, తొడ మీద చెయ్యి వేసే తీరు అతనిది. కొమ్ముల్లేవు, కోరల్లేవు, నల్లరంగు లేదు, అయినా చంటిపిల్లవాడు కూడా వాడు ఘటోత్కచుడే అని పట్టేస్తాడు. పాత్ర వొంటిరంగులో లేదని యింతకంటే పెద్ద రుజువు తెలుగు సినిమాలో మరొకటి లేదు.

యాభయి యేళ్ల తర్వాత యీ రాక్షసుడికి రంగులు వెయ్యాల్సి వచ్చింది. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ అనే కంపెనీ సినిమా హక్కులు కొని, కంప్యూటర్ మీద రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. పని యెట్లా జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి. నలుపు తెలుపు సినిమాలో ప్రతి చుక్కకీ వెలుతురు యెంత అన్న వొక్క అంకె వుంటుంది, కంప్యూటర్‌లో 0 నుంచి 255 దాకా. రంగు యేమిటన్నది అందులో వుండదు. వొకే బూడిద రంగు యెర్రచీర కావొచ్చు, ఆకుపచ్చ తలపాగా కావొచ్చు, మనిషి చెంప కావొచ్చు. అందుకని కళాకారులు ముందు వొక ఫ్రేము తీసుకుని ముఖం, జుట్టు, గుడ్డ, నగ, గోడ అని వేటికవి గీతలు గీసి విడదీస్తారు. వొక్కోదానికీ రంగు నిర్ణయిస్తారు. వెలుతురు పాతదే వుంచి దాని మీద రంగు కప్పుతారు. బొమ్మ కదులుతుంటే ఆ గీతలూ వెంబడే కదలాలి. సెకనుకి 24 ఫ్రేములు. మూడు గంటల సినిమా అంటే రెండున్నర లక్షల ఫ్రేములు దాటతాయి. చాలా నెలలు, వందమందికి పైగా మనుషులు. యెరుపు, ఆకుపచ్చ, నీలం వొక్కోటీ 256 మెట్లు, కలిపితే కోటీ అరవయ్యేడు లక్షల డెబ్బయ్యేడు వేల రంగులు. యిందులోంచి మనిషి చర్మాన్ని పోలిన ఛాయ కోసం లక్షా యెనభయి వేల షేడ్లు వాడామని ఆ కంపెనీ వాళ్లు చెప్పుకున్నారు.

యే మనిషి చర్మాన్ని? ప్రశ్న యిక్కడే వుంది. పాత సినిమాలో రంగు లేదు కాబట్టి చూసేవాడు తనకి తెలిసిన రంగు వూహించుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. ఘటోత్కచుడి చెంప మీద బాణం గుర్తు పెట్టి నొక్కాల్సిందే. నాట్యశాస్త్రం రాసినవాడు యెదుర్కొన్న ప్రశ్నే యిది, గిన్నెలు మాత్రం పెరిగాయి. ఆ పని చేసినవాళ్ల నైపుణ్యాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. అంత నేర్పుతో, అంత ఖర్చుతో చేసిన పనిలో కూడా యీ ప్రశ్న మీద బయట చర్చ జరగలేదన్నదే మా బాధ. పత్రికలన్నీ షేడ్ల లెక్క రాశాయి. రంగు యెవరిదని యెవరూ రాయలేదు.

యంత్రం కూడా తటస్థం కాదు. కొడాక్ కంపెనీ దశాబ్దాల పాటు ఫొటో ల్యాబులకి వొక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లమ్మాయి బొమ్మ. షిర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె చర్మం సరిగా వస్తే ఫొటో సరిగా వచ్చినట్టు. నల్లవాళ్ల ముఖాలు ఆ లెక్కలో చీకటి మచ్చలయ్యేవి, కళ్లూ పళ్లూ మాత్రం మెరిసేవి. నల్ల తల్లులు అడిగితే కంపెనీ కదల్లేదు. చాక్లెట్ల వాళ్లూ కొయ్యసామాన్ల వాళ్లూ తమ సరుకు రంగు సరిగా రావడం లేదని గొడవపెట్టాక కదిలింది. మన పెళ్లి ఫొటోల్లో పెళ్లికూతురు ముఖాన పిండి పూసినట్టు తెలుపు పెట్టే స్టూడియో పనికీ దీనికీ చుట్టరికముంది.

యిప్పుడు అనకాపల్లిలోనూ హైదరాబాద్‌లోనూ వాడల నుంచి వచ్చిన పిల్లలు కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తున్నారు, యానిమేషన్ స్టూడియోల్లో పనికి కుదురుతున్నారు. 2008లో మొదలయిన ‘ఛోటా భీమ్’ హైదరాబాద్‌లోనే తయారయింది. దేశమంతా చూసిన ఆ కథలో దుడుకు పిల్లాడి పేరు కాలియా, అంటే నల్లోడు. యింక పెద్ద రాక్షసుడొకడు, కిర్మదుడు, వుండనే వున్నాడు. రంగులు నింపే పనిలో మనవాళ్ల చేతులున్నాయి. రంగు యేదో నిర్ణయించే గదిలో మనవాళ్లున్నారా అన్నది వేరే ప్రశ్న. తోలుబొమ్మలాటలో కూడా యింతే. పారదర్శకంగా తీసిన ఆ తోలు మీద రంగుల రావణుడు దీపం ముందు వెలిగితే వూరంతా మెచ్చుకుంది. తోలు పని తెలిసిన మాదిగని మాత్రం దూరంగా కూర్చోబెట్టింది.

వీళ్లకి మనం యేం చెప్పాలి? వొక దారి, బొమ్మని తిరగేసి రాక్షసుణ్ణి నాయకుణ్ణి చెయ్యడం. 2010 తర్వాత వుత్తరాదిలో విశ్వవిద్యాలయాల్లో మహిషాసురుణ్ణి స్మరించుకునే సభలు జరిగాయి. జార్ఖండ్‌లో అసుర్ అనే పేరుతోనే ఆదివాసీ తెగ వుంది, దసరా వాళ్లకి పండగ కాదు. ఆ కోపంలో న్యాయముంది. అయితే తిరగేసినంత మాత్రాన చట్రం మారదు. కొమ్ములు వీడి నెత్తి మీంచి తీసి వాడి నెత్తి మీద పెడతాం, అంతే. పైగా పురాణంలోని ప్రతి రాక్షసుడూ మన తాతే అని చరిత్రగా చెప్పబోతే, అవతలివాడు పురాణాన్ని చరిత్ర అన్నప్పుడు మనకి నోరుండదు.

2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయన’ మాకు వేరే దారి చూపింది. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మల్లో చెప్పారు. రాక్షసుడి బొమ్మలో యెవర్ని వెటకారం చేశారో ఆ అడవి మనుషుల చేతిలోకి యిక్కడ కుంచె వచ్చింది. వాళ్లు చతురస్రపు గళ్లు గీయలేదు, మనుషుల్ని యిరుకు డబ్బాల్లో బంధించమన్నారు. కులం పేరుతో విషం కక్కే మాటలకి తేలు కొండి వున్న మాటబుడగ గీశారు. మెత్తని మాటలకి పిట్ట ఆకారం యిచ్చారు. ఆ పుస్తకంలో కోరలున్న మనిషి అవసరం రాలేదు. కొండి మాటకి వుంది. ‘దాహమా, దూరం పో’ అనే మనిషి మామూలు మనిషే, మన పక్కింటి మనిషే. అతని నోట్లోంచి వచ్చిందే కుడుతుంది.

తెలుగులో యిట్లాంటి పని జరగాలంటే ముందు సేకరించాల్సింది చాలా వుంది. జాంబపురాణంలో మాదిగల ఆదిపురుషుడు జాంబవంతుణ్ణి చిందువాళ్లూ డక్కలివాళ్లూ యే రంగులో చూపించారు? నకాశీ పటాల్లో అతని వొంటికి యేం పూశారు? రామాయణంలో అతను యెలుగుబంటి, పటంలో మూలపురుషుడు. యీ రెంటి మధ్య తేడాని గీసి చూపించగల పాత చిత్రకారులు కొందరే మిగిలారు.

శంకరంలోనూ అంతే. కనుమ నాడు బొజ్జన్న మీద రాయి వేసిన చేతులు యింకా బతికే వున్నాయి. ఆ ఆనవాయితీని ఆపినవాళ్లు మంచి పని చేశారు గానీ, ఆ ముసలివాళ్లని కూర్చోబెట్టి అడిగినట్టు లేదు. ఆ రాక్షసుడు యేం చేశాడని చిన్నప్పుడు వాళ్లకి చెప్పారు? వాడు యేం తినేవాడు? వాడి వొంటి రంగేమిటి? రాయి వెయ్యని కులాలేమన్నా వున్నాయా, వేస్తే యే వరసలో వేసేవాళ్లు? కింద హారీతికి యెవరన్నా పసుపూ కుంకుమా పెట్టేవాళ్లా, పెడితే యే పేరు పెట్టి పిలిచేవాళ్లు? చదువుకునే పిల్లలు నలుగురు పుస్తకాలు పట్టుకుని ఆ వూళ్లల్లో తిరిగితే వొక వేసవి సెలవుల్లో అయిపోయే పని యిది.